గద్దకన్ను మేస్త్రి చూడని తెలుపు

రంగులు వేసే పనిలో గద్దకన్ను మేస్త్రిని మించిన కన్ను భూమ్మీద లేదు. ఇది నేను నలుగురిలో నిలబడి చెప్పే మాట, కాదన్నవాడు నా ముందుకు రావచ్చు. పీపాడు తెల్ల రంగులో ఎవరైనా దొంగచాటుగా ఒక్క చుక్క నలుపు వేసి, కలిపేసి, మూత పెట్టారనుకోండి. మేస్త్రి ఆ మూత తీసి, ముక్కు చిట్లించి, ఇందులో ఎవడ్రా ఏడ్చింది అని అడిగేవాడు. వీధి ఈ చివర నిలబడి ఆ చివర మేడ మీద ఆరేసిన చీరను చూసి, అందులో పసుపెంతో ఎరుపెంతో పాళ్ళు చెప్పేవాడు. ఒక పెద్దావిడ తన పెరట్లో కాసిన వంకాయ రంగు గోడ కావాలని ముచ్చటపడితే, ఆ వంకాయను ఎదురుగా పెట్టుకుని రంగు కలిపాడు. గోడ ఆరాక ఆవిడ వంకాయను గోడకు ఆనించి పెట్టి, అటు తిరిగి ఇటు చూసేసరికి అది కనపడలేదు. ఇప్పటికీ అక్కడే ఉందంటారు.

అంత కన్ను ఉన్నవాడికి నోరు కూడా దానికి తగ్గట్టే ఉండేది. నిచ్చెన మీద ఉన్నంతసేపూ ఎవరినో ఒకరిని ఆట పట్టించకపోతే అతనికి చెయ్యి ఆడదు. ముఖ్యంగా పేర్లు పెట్టడంలో అందె వేసిన చెయ్యి. అతను ఎవరికైనా పేరు పెట్టాడంటే రెండు పూతలు వేసి ఆరబెట్టినట్టే, ఎండకీ వానకీ పోయేది కాదు.

బావమరిదికి దారం అని పేరు పెట్టిందీ అతనే. ఆ పేరులో ఎగతాళి లేదు, ముచ్చటే ఉంది. గోడ మీద రెండు రంగులు కలిసేచోట గీత గీయాలంటే ఎవరైనా నూలు కట్టుకుంటారు, లేదా కాగితం పట్టీ అంటిస్తారు. మేస్త్రి భార్యకు స్వయానా తమ్ముడైన ఈ మనిషి మాత్రం ఊపిరి బిగబట్టి, కుంచె అంచు ఆనించి, ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి వెళ్ళిపోయేవాడు. వెనక చూస్తే దారం లాగి పట్టినట్టు గీత. మాట తక్కువ. మండుటెండలోనూ మణికట్టు దాకా చేతులున్న చొక్కానే తొడిగేవాడు. పనిలోకి అందరికన్నా ముందు దిగేవాడు, చేతులు కడుక్కోవడానికి అందరికన్నా వెనక వెళ్ళేవాడు. అసలు కడుక్కునేవాడో లేదో చూసినవాళ్ళు లేరు. ఇంటికెళ్ళేటప్పుడు కూడా చేతుల నిండా రంగే. సెలవు రోజుల్లో అక్కాబావల ఇంటికి వచ్చినా, ఎక్కడో చిన్న పని చేసి ఇటే వస్తున్నానంటూ అవే చేతులతో వచ్చేవాడు. మా బామ్మర్ది రంగుని పెళ్ళాడాడు, అందుకే ఇంకో సంబంధం చూడనివ్వడు అని మేస్త్రి ఊరందరిలో అంటుంటే, దారం చిన్నగా నవ్వి కుంచె ముంచుకునేవాడు.

ఇలా ఏళ్ళు గడిచాయి. మధ్యాహ్నం పూట బావాబావమరుదులు ఒకే చెక్క మీద కూర్చుని తినేవారు. క్యారేజీలో ఉన్నది ఎవరిది వాళ్ళు చెంచాతో తిన్నా, రొట్టె దొరికిన రోజున దారం దాన్ని కాగితంతో పట్టుకుని రెండుగా తుంచి, పెద్ద ముక్క బావకిచ్చేవాడు. మేస్త్రి అది చిన్నదని దెప్పుతూనే తినేవాడు.

అప్పుడు రొట్టెల దుకాణం పని తగిలింది. బజారు మలుపులో ఉంటుంది. ముందు గదిలో అద్దాల బీరువాలు, వెనక పిండి కలిపే గది, దాని వెనక పొయ్యి, పొయ్యి వెనక పెరడు. వీధి వైపు గోడ చాలా పెద్దది. దాని మీద పైన మీగడ రంగు, కింద ఇటుక రంగు, మధ్యలో సన్నటి గీత రావాలని రొట్టెలాయన కోరిక. ఆ గీత కోసమే ఆయన వేరేవాళ్ళను కాదని మేస్త్రిని పిలిచాడు.

రొట్టెలాయన చెడ్డవాడేం కాదు, కానీ శుభ్రం పిచ్చి. ఈగ కనపడితే కాళ్ళు కడుక్కుని రమ్మనే రకం. పిండి కలిపే గదిలో అడుగు పెట్టేవాళ్ళు పెరటి కుళాయి దగ్గర చేతులు శుభ్రంగా కడిగి తనకు చూపించాలన్నాడు. దారం తను ముందు బయటి గోడ చూసుకుంటానన్నాడు. రొట్టెలాయన వినలేదు. లోపలి గది ముందు ఆరాలి, రేపటికి పిండి కలపాలి, అందరూ ఇటే రండి అన్నాడు.

ఇక తప్పలేదు. దారం కుళాయి కింద చేతులు పెట్టాడు. పైపై రంగు కరిగి పారింది. చేతులు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి.

మేస్త్రికి హుషారొచ్చింది. మొండి రంగులా ఉందండీ, నా చేతిలో పడితే పోని రంగు లేదు చూడండి అని రొట్టెలాయనతో అంటూ, గుడ్డను టర్పెంటైన్‌లో ముంచి, బావమరిది చెయ్యి పట్టుకుని రుద్దడం మొదలెట్టాడు. దారం వద్దు బావా అని ఒకసారి నెమ్మదిగా అన్నాడు. మేస్త్రి వింటేనా. సిగ్గెందుకురా, పెళ్ళికొడుకువా ఏమన్నా అని ఇంకా గట్టిగా రుద్దాడు. పనివాళ్ళు నవ్వారు. రుద్దగా రుద్దగా ఆ తెల్లటిచోటు ఎర్రబడింది.

రంగు ఎర్రబడదు. ఎర్రబడేది చర్మం.

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది. వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా, కాగితం మీద నీళ్ళు ఒలికితే పాకినట్టు, అంచులు వంకరటింకరగా తెలుపు. చొక్కా చెయ్యి లోపలికి ఇంకా ఎక్కడిదాకా వెళ్ళిందో.

"అది రంగు కాదు మేస్త్రీ" అన్నాడు రొట్టెలాయన. ఆయన చేతులు మోచేతుల దాకా పిండితో తెల్లగా ఉన్నాయి. "బొల్లి. ఇది జనం తినే సరుకు చేసే చోటు. ఎవరైనా చూస్తే నా గతేంటి?"

అప్పుడు మేస్త్రి ఏమనాలి? ఏమైనా అనొచ్చు. వాడు నా బామ్మర్ది అనొచ్చు, అదేం అంటేది కాదు అనొచ్చు, పోనీ నోరు మూసుకోనూ వచ్చు. నోటికి ఎప్పుడూ తడుముకోని మనిషి ఈసారి కూడా తడుముకోలేదు.

"నాకు తెలీదండీ. తెలిస్తే తెచ్చేవాణ్ణి కాదు."

అంటూనే, పట్టుకున్న చేతిని వేడి మూకుడు వదిలేసినట్టు వదిలేశాడు. దారం ఎవరివంకా చూడలేదు. చొక్కా చేతులు కిందికి లాక్కుని, కుంచె తీసుకుని, ఎవరూ పొమ్మనకుండానే పెరటి వెనక గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. అది ఎవరికీ కనపడని గోడ.

మధ్యాహ్నం మామూలుగానే చెక్క మీద అవతలి కొసన వచ్చి కూర్చున్నాడు. మామూలుగానే రొట్టెను కాగితంతో తుంచి పెద్ద ముక్క చాపాడు. మేస్త్రి కడుపులో బాగోలేదన్నాడు. దారం ఆ ముక్కను ఇద్దరి మధ్యా చెక్క మీద పెట్టి, తన ముక్క తాను తిన్నాడు. ఆ రొట్టెను చీమలు కూడా ముట్టలేదని రాద్దామని ఉంది గానీ, ముట్టాయి. చీమలకు ఇలాంటి పట్టింపులు లేవు.

ఇక్కడ ఆగి, నేను మొదట్లో కొట్టిన గొప్పల సంగతి తేల్చేయాలి. పీపాలో నలుపు చుక్క నేను చూసింది కాదు, మేస్త్రే చెప్పుకున్నది. చీర సంగతీ అంతే. వంకాయను ఆవిడ ఆ పూటే కూర వండుకుంది. ఇక కన్నంటారా, పచ్చ రంగు గోడలు వేసిన రోజుల్లో బావమరిది చేతుల మీద తెల్ల రంగే ఉండేది. నీలం వేసినప్పుడూ తెలుపే. ఇటుక రంగు వేసి పనివాళ్ళంతా మోచేతుల దాకా ఎర్రగా తిరిగినప్పుడూ, ఆ రెండు చేతులూ తెలుపే. పక్కనే కూర్చుని ఏళ్ళ తరబడి అన్నం తిన్న గద్దకన్నుకి ఈ తెలుపు ఎక్కడిదన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు. అంతకన్నా పనికిమాలిన కన్ను భూమ్మీద లేదని ఇప్పుడు అదే నలుగురిలో నిలబడి చెబుతున్నాను. కాదన్నవాడు దీనిక్కూడా రావచ్చు.

సాయంత్రానికి పనివాళ్ళు వీధి గోడకు రెండు రంగులూ వేసేశారు, మధ్య గీత ఒక్కటే మిగిలింది. ఇంటికొచ్చిన మేస్త్రి చెప్పులు విడుస్తూనే మీ తమ్ముడు నన్ను మోసం చేశాడని మొదలెట్టాడు. కోపంగా ఉంటే సిగ్గు కాస్త తక్కువగా తెలుస్తుందని అతని ఆశ. భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. అంతా విని, ఇప్పుడు తెలిసిందా అంది, మడత ఆపకుండా.

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. చీలమండ మీద మొదటి మచ్చ కనపడ్డప్పుడే తమ్ముణ్ణి చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఒంట్లో రంగు తయారవడం అక్కడక్కడా ఆగిపోతుంది, అంతకు మించి ఏమీ లేదు, ముట్టుకుంటే వచ్చేది కాదు, కలిసి తింటే వచ్చేది కాదు, కుష్టు కాదు, మాటకు కుష్టే అనుకున్నా అదీ మందులతో నయమయ్యేదే అని ఆయన చెప్పాడు. మందులు వాడితే కొందరికి రంగు తిరిగొస్తుంది, కొందరికి రాదు. దారానికి రాలేదు.

"అంటుకునేదైతే, పక్కన కూర్చుని అన్నేళ్ళు తిన్నందుకు మీరు ఈపాటికి పాలరాతి బొమ్మలా ఉండేవారు" అంది.

మరి నాకెందుకు చెప్పలేదని మేస్త్రి అడిగాడు. ఆమె చేతిలో ఉన్న చొక్కాను ఒళ్ళో పెట్టుకుని, ఒకే ఒక్క మాట అంది.

"అరపూత."

మేస్త్రికి ముందు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక, రాకపోతే బాగుండుననిపించింది.

చాలా కాలం కిందట ఒక వసతిగృహానికి సున్నం వేస్తున్నప్పుడు, కొత్తగా ఒక సున్నం మనిషి పనిలోకి వచ్చాడు. ఎండకు తాళలేక చొక్కా విప్పాడు. వీపు మీద, మెడ మీద తెల్లటి మచ్చలు. నిచ్చెన మీదున్న మేస్త్రి, ఏమయ్యా, నిన్ను చేసినవాడు ఒక పూత వేసి రెండోది మర్చిపోయి వెళ్ళాడా అన్నాడు. పనివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రానికే అతను అరపూత అయిపోయాడు. వారం తిరక్కుండా రంగుల దుకాణంలోనూ నిచ్చెనలు అద్దెకిచ్చే చోటా అదే పేరు. అతను కూర్చున్న చెక్క మీద ఎవరూ కూర్చోవడం మానేశారు. అరపూత పనికి వస్తే మేం రామన్నారు కొందరు. కొన్నాళ్ళకు అతనే రావడం మానేశాడు. మేస్త్రి ఈ సంగతి మర్నాడే మర్చిపోయాడు, ఎందుకంటే మర్నాటికి ఇంకో జోకు దొరికింది.

"ఆ రోజు వాడు పని నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చాడు" అంది భార్య. "అప్పటికి వేలి మీద గోరంత మచ్చ. దాని మీద తెల్ల రంగు రాసుకుని చూపించాడు. అక్కా, ఇలా ఉంటే బావకి కనపడదు కదా అని అడిగాడు. కనపడదు లేరా అన్నాను. మీ కంటి సంగతి నాకు తెలుసు కదా."

ఇంకో మాట కూడా ఆమే చెప్పింది. దారం వచ్చే వారం వెళ్ళిపోతున్నాడు. రేవులో ఓడలకు రంగులు వేసే పనికి ఎప్పట్నుంచో పిలుపుందట, ఇందాకే వచ్చి ఒప్పుకున్నానని చెప్పి వెళ్ళాడు. అక్కడ తల నుంచి కాలి దాకా తొడుగు వేసుకుని చేస్తారట. ఎవరికీ ఎవరి చేతులూ కనపడవట. ఒళ్ళోని చొక్కాను ఆమె మళ్ళీ మొదటి నుంచి మడత పెట్టింది. తోడబుట్టినవాడు ఒక్కడే.

మేస్త్రి ఆ పూట అన్నం ముందు కూర్చుని తన చేతులే చూసుకున్నాడు. తెలిస్తే తెచ్చేవాణ్ణి కాదు. ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. వాణ్ణి వెళ్ళనివ్వకూడదు, అంతవరకూ తేలింది. ఎలా ఆపాలన్నది తేలలేదు. రంగులు తప్ప ఇంకేమీ తెలియని మనిషి, పాపం, చివరికి రంగుల దగ్గరికే వెళ్ళాడు.

మర్నాడు సెలవు. పొద్దున్నే వసారాలో డబ్బాలు పరుచుకుని కూర్చున్నాడు. బావమరిది మెడ రంగు, చెవి వెనక రంగు, బుగ్గ రంగు కళ్ళ ముందుకు తెచ్చుకున్నాడు. మట్టి పసుపు తీసుకున్నాడు, ఎర్రటి జేగురు కలిపాడు, నలుపు పుల్లతో తాకించాడు. మనిషి ఒంట్లో ఎక్కడో కాస్త నీలం ఉంటుంది, అది లేకపోతే ఎంత కలిపినా బొమ్మ రంగే వస్తుందని అతని సిద్ధాంతం. ఆ నీలం ఎంత వేయాలో తేల్చుకోవడానికి పూటంతా పట్టింది. ఎండలో చూశాడు, నీడలో చూశాడు. చివరికి కుదిరింది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కలపలేదు. చిన్న డబ్బాలో పోసి, మూత బిగించి, బావమరిది అద్దె గదికి బయల్దేరాడు. నడకలో కాస్త పాత దర్జా కూడా వచ్చింది.

దారం గదిలో చొక్కాలు సంచిలో సర్దుకుంటున్నాడు. చేతులు శుభ్రంగా కడిగి ఉన్నాయి. కిటికీ వెలుతురులో ఆ చేతుల్ని మేస్త్రి చూడలేక డబ్బా వంక చూశాడు.

"చెయ్యి ఇటు పెట్టరా."

దారం పెట్టాడు. మేస్త్రి సన్న కుంచెతో మచ్చ మీద ఒక్క పూత వేశాడు. ఊదాడు. మచ్చ మాయమైపోయింది. అతుకు ఎక్కడుందో వేసినవాడికే తెలియలేదు. ఆ నిమిషంలో మేస్త్రి ముఖం వెలిగిపోయింది, అది అతని చేతిలో లేదు, వృత్తి అలాంటిది.

దారం ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు. చిన్నప్పటి చెయ్యి కనపడిందేమో.

"బాగా కలిసింది బావా. ఈ పని నీకు తప్ప ఎవరికీ రాదు" అన్నాడు. తర్వాత అన్నాడు, "ఇన్నాళ్ళూ తెల్ల రంగుతో దాచుకున్నాను. ఇకమీదట దీంతో దాచుకోమంటావు. అంతేగా?"

"అది కాదురా. ఆ రొట్టెలాయన లాంటివాళ్ళ నోళ్ళు..."

"రొట్టెలాయన నాకేమవుతాడు బావా? నాలుగు రోజుల పని. నేను దాచుకున్నది నీ నుంచి."

దారం టర్పెంటైన్ గుడ్డ తీసుకుని, నిదానంగా, మచ్చ మళ్ళీ పైకి తేలేదాకా తుడుచుకున్నాడు.

"అరపూత అన్నరోజు నీ నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డది నేనే. అందరికన్నా గట్టిగా నవ్వాను. నవ్వకపోతే నా వంక చూస్తారని భయం. అంతమంది నవ్వుతుంటే ఆ సున్నం మనిషి నా మొహమే చూశాడు. ఎందుకో తెలీదు."

తప్పయిపోయిందిరా అన్నాడు మేస్త్రి. ఆ మాట అతని గొంతులో కొత్తగా ఉంది, వేరేవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టు.

"నాకు చెబితే ఏముంది బావా? నేను ఇంట్లోవాణ్ణి. నువ్వు ఎలాగూ అంటావు, నేను ఎలాగూ ఊరుకుంటాను." దారం డబ్బాకు మూత పెట్టి, రంగు గట్టిపడకుండా చుట్టూ నొక్కి బిగించి, బావ చేతికిచ్చాడు.

మేస్త్రి ఇంటికి వెళ్ళలేదు. ఆ సున్నం మనిషిని వెతకాలనుకున్నాడు. నిచ్చెనలు అద్దెకిచ్చే చోటికి వెళ్ళి నిలబడ్డాక తెలిసింది అసలు చిక్కు. ఆ మనిషి పేరు తనకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఎవరినడగాలన్నా ఒక్క పేరే ఉంది, అది తను పెట్టిందే.

చేప ముల్లు మింగినట్టు మింగుతూ అడిగాడు. నిచ్చెనలాయన తొడ చరుచుకున్నాడు. అరపూతా, భలే గుర్తు చేశావు మేస్త్రీ అని, అక్కడున్నవాళ్ళకు ఆ పాత జోకంతా వినిపించాడు. వాళ్ళు కొత్తవాళ్ళు, మొదటిసారి వినడం, పడీ పడీ నవ్వారు. రంగుల దుకాణంలోనూ అదే అయ్యింది. అక్కడ జోకుకి తోకలు కూడా మొలిచాయి. పేరు పెట్టడమంటే నీదేనయ్యా అని దుకాణదారు భుజం తట్టాడు. టీ కొట్టు ఆవిడ దగ్గర మూడోసారి ఆ పేరు ఎత్తేసరికి మేస్త్రి చెవులు కాలిపోతున్నాయి. క్షమాపణకు బయల్దేరినవాడు దారి పొడుగునా అదే తిట్టు పంచుకుంటూ వచ్చాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. బజారు చివర మొక్కలు పెంచి అమ్మే తోట చూపించింది.

తోటలో ఒక మనిషి కింద కూర్చుని సంచుల్లో మట్టి నింపుతున్నాడు. ముఖం మీది మచ్చలు ఇప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మొక్కలు కావాలా అని అడిగాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపి, అలాగే నిలబడ్డాడు. అతను తలెత్తి పరీక్షగా చూసి, మేస్త్రివి కదూ అన్నాడు. ఆ తర్వాత మట్టి నింపుతూనే అన్నాడు.

"జోకు మంచిదే మేస్త్రీ. నా మీద కాకపోతే నేనూ నవ్వేవాణ్ణి."

మేస్త్రి తను ఎందుకొచ్చాడో ముక్కలు ముక్కలుగా చెప్పుకున్నాడు. అతను విన్నాడో లేదో తెలియకుండా విన్నాడు.

"నేను ఇక్కడున్నానని ఎలా తెలిసింది? ఏమని అడిగావు?"

మేస్త్రి నేల చూశాడు.

"అలాగే అడిగావా?"

"నీ పేరు నాకు తెలీదు."

అతను చేతిలోని మట్టి వదిలేశాడు. తన పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా, బళ్ళో చెప్పినట్టు నిటారుగా కూర్చుని. క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. ఇంకో సంచి దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. నేనూ ఆట పట్టించే రకమే. అలాంటివాళ్ళ చేతికి ఆ పేరు మళ్ళీ చిక్కడం నాకిష్టం లేదు.

మేస్త్రి వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. టీ కొట్టు దగ్గర ఆగి, ఇందాక నేనడిగిన మనిషి పేరు అది కాదమ్మా, ఇది అని చెప్పాడు. ఆ పేరు నాకు తెలుసు అందావిడ. టీ పోసేటప్పుడు పేరడుగుతాగా అంది. మేస్త్రికి ఆ వేడి టీ తలమీద గుమ్మరించుకున్నట్టయ్యింది. రంగుల దుకాణంలో ఆ పేరు చెబితే, దుకాణదారు నవ్వడానికి సిద్ధంగా నోరు తెరిచి, తర్వాతేంటి అని అడిగాడు. తర్వాతేం లేదు, అంతే అన్నాడు మేస్త్రి. ఇందులో నవ్వేదెక్కడుందో తెలియక ఆ మనిషి చాలాసేపు తెరిచిన నోటితోనే ఉండిపోయాడు. నిచ్చెనలాయన అయితే ఇందాక నవ్వినవాళ్ళను కూడా పిలిచాడు, మేస్త్రి కొత్త జోకు తెచ్చాడని. వాళ్ళందరి ముందూ మేస్త్రి ఆ పేరు చెప్పి, పాతది నేను పెట్టాను, పెట్టకుండా ఉండాల్సింది అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వు రాని చోట నిలబడటం అతనికి అదే మొదలు.

సాయంత్రం నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్ళిన దారానికి ఈ ముచ్చటంతా తెలిసింది. మీ బావకి ఎండ దెబ్బ తగిలినట్టుంది, ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ తాగించు అన్నాడట నిచ్చెనలాయన.

మర్నాడు పొద్దున మేస్త్రి అందరికన్నా ముందు రొట్టెల దుకాణానికి వెళ్ళాడు. వీధి గోడ మీది గీత మా బామ్మర్దే గీస్తాడు, లేకపోతే గోడ అలాగే ఉంటుంది అన్నాడు. రొట్టెలాయన, పిండి చేతులు నడుం మీద పెట్టుకుని, నా బేరం పోతే నువ్విస్తావా అన్నాడు. ఆ తెల్లటి చేతుల్ని చూసి మేస్త్రి నాలుక కొస దాకా ఒక జోకు వచ్చింది. మంచి జోకే. మింగేశాడు. మింగి, ఇది అన్నాడు.

"మొన్న తెలిస్తే తెచ్చేవాణ్ణి కాదన్నాను. ఇవాళ తెలిసే తెస్తున్నాను. అది అంటేది కాదండీ. అంటేదైతే ముందు నాకే అంటాలి."

వాడు వస్తాడో రాడో మేస్త్రికే తెలియదు. గోడకు నిచ్చెన వేసి, కింద నిలబడి, వీధి వంక చూస్తూ ఉన్నాడు. బజారు తెరిచే వేళకు దారం వచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. చేతుల మీద చుక్క రంగు లేదు. బావతో ఏమీ మాట్లాడలేదు. కుంచె ముంచి నిచ్చెన ఎక్కాడు. మేస్త్రి కింద నిచ్చెన పట్టుకున్నాడు.

రొట్టెలకు వచ్చినవాళ్ళు చూశారు. ఒకావిడ పిల్లాణ్ణి ఇటు లాక్కుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఒకాయన సంచి చంకలో పెట్టుకుని, గీత మూల దాకా వెళ్ళేంతవరకూ నోరు తెరుచుకుని చూశాడు. మధ్యలో ఎవరో ఏదో అన్నారు, అదేమిటో మేస్త్రికి సరిగా వినపడలేదు గానీ పైనున్నవాడికి వినపడింది. అక్కడ గీత రవ్వంత వణికింది. దారం దాన్ని దిద్దలేదు, ముందుకు సాగిపోయాడు. ఆ వణుకు వేరేవాళ్ళు వెతికినా దొరకదు. మేస్త్రి మాత్రం ఆ దారిన వెళ్ళినప్పుడల్లా తలవంచుకునే వెళ్ళినా అది కనపడుతూనే ఉంటుంది.

అనుకున్న వారం వచ్చినా దారం ఓడల దగ్గరికి వెళ్ళలేదు. ఇక ఎప్పటికీ వెళ్ళడని చెప్పడానికి నేనెవర్ని? అడిగితే, చూద్దాం బావా అంటాడట. మేస్త్రి రెండోసారి అడగడానికి జంకుతాడు.

గీత పూర్తయ్యాక రొట్టెలాయన బయటికి వచ్చి, మెడ ఎత్తి చూసి, గీత బాగుందయ్యా అన్నాడు.

ఈ ఆఖరి ముక్క నా కల్పన. తక్కినదంతా జరిగింది, వంకాయ తప్ప. ఆయన బయటికి రాలేదు. గీత అయ్యేదాకా వీధికి వీపు తిప్పి అద్దాల బీరువా ముందు నిలబడి, సర్దిన రొట్టెలే మళ్ళీ మళ్ళీ సర్దుకున్నాడు. అంత చక్కటి గీతను చూసి ఒక్కరైనా ఆ మాట అనకపోతే ఎలాగని, నేనే ఆయన చేత అనిపించాను.